పెద్దలకు ఓనమాలు

పసివానికి అక్షరాభ్యాసము చేయునాడు ఇంట పండుగ. పళ్ళెరములో బియ్యము పరచి, తండ్రి వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, చిన్ని వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించును. వాడు వంకరగా గీచినను ముత్తైదువలు మురిసిపోవుదురు. అదే పని ముప్పదియైదేండ్ల యిల్లాలు చేయవలసి వచ్చినచో? ఆమె వంకరగీతను చూచి మురియువారెవరు? ఈ ప్రశ్న మాకు తోచుటకు కారణము, మొన్న మా ఆడపడుచు పంపిన పదునొకండు నిమిషముల పలుకు.

పలుకని యేల అంటిమనగా, అది జాబు కాదు. మా ఆడపడుచు పండ్రెండేండ్ల క్రిందట పెండ్లియై, భర్తతో ఆస్ట్రేలియాకు పోయి, మెల్‌బోర్ను నగరపు పడమటి శివారున కాపురమున్నది. ఆమె అక్కడ పెద్దల ఇంగ్లీషు తరగతిలో చేరి, తోటివారితో కూడి పాడ్‌కాస్టు చేయుచున్నది. పాడ్‌కాస్టనగా రేడియో ప్రసంగము వంటిదే. కాని రేడియో తన వేళకు పలుకును. ఇది మన వేళకు పలుకును. కూర తరుగుకొనుచు ఫోనులో వినవచ్చును. పాలు పొంగునపుడు ఆపి, దింపివచ్చి, ఆపినచోటినుండి మరల వినవచ్చును. ఈ పేరు పుట్టినది 2004లో. రేడియో కేంద్రము అక్కరలేదు, పెద్ద యంత్రము అక్కరలేదు. ఫోను, నిశ్శబ్దమైన గది, చెప్పవలసిన మాట ఉన్న చాలును.

మా ఆడపడుచుకు చెప్పవలసిన మాట యుండెను గాని, చెప్పుటకు నోరు రాకుండెను. ఆమె చదువురానిది కాదు. గుంటూరు జిల్లాలో తెలుగు మాధ్యమమున ఇంటరు వరకు చదివినది. ఇంగ్లీషు పరీక్షలో మంచి మార్కులే వచ్చినవి. అయినను ఆమె నేర్చినది కంటి ఇంగ్లీషు, అక్కడ వాడుకలో నున్నది చెవి ఇంగ్లీషు. బిడ్డను బడిలో దిగవిడువబోయిన మొదటి దినమున ఒక తల్లి నవ్వుచు, "హౌ ఆర్ యూ గోయింగ్?" అని పలుకరించినదట. ఆ దేశమున దాని భావము "కులాసాయేనా?" అని మాత్రమే. మా ఆడపడుచు, ఎట్లు ఇంటికి పోయెదవని అడిగినదనుకొని, "బై వాక్" అని బదులు చెప్పెను. ఇంతవరకు నవ్వుకొనదగినదే.

తరువాతిది నవ్వుకొనదగినది కాదు. బడిలోని తల్లులందరు ఒకచోట కూడి విందు చేసికొనుచు, "బ్రింగ్ ఎ ప్లేట్" అని కబురంపిరి. ఆస్ట్రేలియాలో ఆ మాటకు, అందరు పంచుకొనుటకు ఏదైన వంటకము చేసి తెమ్మని అర్థము. క్రొత్తగా వచ్చిన యెందరో దీనియందు మోసపోయినట్లు ఆ దేశమున కథలుగా చెప్పుకొందురట. పాపము, పళ్ళెములు చాలలేదు కాబోలుననుకొని మా ఆడపడుచు పెండ్లిలో పెట్టిన స్టీలు పళ్ళెములు ఆరింటిని తళతళ తోమి, సంచిలో పెట్టుకొని పోయెను. అక్కడ బల్లనిండ వంటకములు. ఈమె చేతిలో ఉత్త పళ్ళెములు. ఎవరును పరిహసింపలేదట. కాని ఆ దినము మొదలు రెండు నెలలు బడిగుమ్మము త్రొక్కక భర్తనే పంపుచు వచ్చెను.

మరి కొన్నాళ్లకు కడుపులో నొప్పి వచ్చి వైద్యునికడకు పోవలసివచ్చెను. భర్త పనిమీద మరియొక నగరమున నుండెను. వైద్యుడు అడిగిన ప్రశ్నలను తొమ్మిదేండ్ల కూతురు తెలుగు చేసి తల్లికి చెప్పుచు, తల్లి బదులును ఇంగ్లీషు చేసి వైద్యునికి చెప్పుచుండెను. నెలసరి సంగతి అడుగువరకు వచ్చునప్పటికి ఆ బిడ్డ మొగము ఎఱ్ఱనయ్యెను, తల్లి తలవంచుకొనెను. "వదినా, నా ఒంటి బాధ నా బిడ్డ నోట చెప్పించితిని, ఆ రాత్రి నిద్రపట్టలేదు" అని అటుతరువాత ఫోనులో మాతో అనెను. నిజమునకు ఆ దేశమున ఆమె అట్లు చేయనక్కరయే లేదు. 131 450 అను సంఖ్యకు ఫోను చేసినచో ఆయా భాషలు తెలిసిన దుబాసీలు దొరకుదురు. 1973లో ఆరంభించిన ప్రభుత్వపు ఏర్పాటది. మన సోదరీమణులలో ఎవరి బిడ్డలైన ఆ దేశమున నున్నచో ఈ సంఖ్యను ఒకచోట వ్రాసియుంచుకొనుడని చెప్పుడు. మా ఆడపడుచుకు అది తెలియదు. మరుసటి వారమే ఆమె ఇంగ్లీషు తరగతిలో పేరు వ్రాయించుకొనెను.

ఈ తరగతుల వెనుక పెద్ద కథ కలదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఇల్లువాకిళ్లు పోయిన ఐరోపావాసులను ఆస్ట్రేలియా వేలకు వేలుగా రప్పించుకొనెను. విక్టోరియా రాష్ట్రమున బోనెగిల్లా అనుచోట 1947లో వారికొక విడిది ఏర్పడెను. 1971లో మూయువరకు మూడు లక్షలకు పైబడిన జనము అందు దిగి పోయిరి. వారికి ఇంగ్లీషు నేర్పుటకు 1948లో ప్రభుత్వము ఒక పథకము నారంభించెను. ఓడలమీద వచ్చుచుండగనే పాఠములు, విడిదిలో పాఠములు, దూరమున పొలములలో పనిచేయువారికి టపాలో పాఠములు, రేడియోలో పాఠములు. గొంతు గాలిలో పంపి భాష నేర్పుట ఆనాటికే యుండెను. ఆనాడు పలికినది గురువు, విన్నది శిష్యుడు; నేడు శిష్యురాలు పలుకుచున్నది, అంతే భేదము.

అయితే ఆనాటి ఆ యాదరము మనవంటివారికి కాదు సుమా! తెల్లవారిని తప్ప ఇతరులను రానీయరాదను నీతి ఆ దేశమున 1901 నుండి పాటింపబడెను. మా వారు బడిపంతులగుటచే మాకు మిక్కిలి వింతగొలిపిన సంగతి యొకటి యిందున్నది. వలదనుకొన్నవానిని "నీ రంగు నచ్చలేద"ని వెడలగొట్టక, ఉక్తలేఖనము పెట్టెడివారు. అధికారి యేబది మాటలు చదువును, వచ్చినవాడు వ్రాయవలెను. ఏ భాషలో చదువవలెననునది అధికారి యిష్టము! 1934లో ప్రాగ్ నగరపు రచయిత ఎగాన్ కిష్ రాగా, ఆయన పెక్కు భాషలెరిగినవాడగుటచే స్కాట్లండులోని గేలిక్ భాషలో పరీక్ష పెట్టి తప్పించిరి. ఆయన న్యాయస్థానమున వ్యాజ్యెమాడి గెలిచెననుకొనుడు. ఆ పరీక్షను 1958లో ఎత్తివేసిరి. ఆ నీతియు 1973 నాటికి పూర్తిగా తొలగెను. భాషను గడియగా చేసి తలుపు మూసిన చోటనే నేడు మన ఆడపడుచులు ఆ భాషను ఉచితముగా నేర్చుకొనుచున్నారు.

ఇంగ్లీషు నేర్పు పథకమునకు 1971లో చట్టబలము కలిగెను. 1990లలో మనిషికి 510 గంటలని హద్దు పెట్టిరి. మా వారు వెంటనే లెక్కకట్టి, వారమునకు ఇరువది గంటల చొప్పున అది ఆరు నెలలైన నిండదనిరి. అమరము వల్లెవేయుటకే మాకు రెండేండ్లు పట్టెను. ఆరు నెలలలో ఒక భాషయా! 2021లో ఆ హద్దును తీసివేసిరి. బడియీడు రాని బిడ్డలను తరగతివేళ చూచుకొనుటకు ఉచితముగ ఏర్పాటున్నది. ఇల్లు కదలలేనివారికి స్వచ్ఛందముగ వచ్చి నేర్పువారును కలరు. చంకబిడ్డ తల్లి ఏ విద్యకైనను తొలుత అడుగునది గురువును కాదు, బిడ్డను పట్టుకొనువారిని. ఈ సంగతి గ్రహించిన ప్రభుత్వమును మెచ్చవలసినదే.

తరగతిలో పాడ్‌కాస్టు చేయు విధమును మా ఆడపడుచు ఇట్లు చెప్పెను. మొదట ఎవరికివారు తమకు జరిగిన యొక సంగతిని తలచుకొందురు; తమ భాషలోనే తలచుకొన్నను తప్పులేదు. పిమ్మట ఇద్దరిద్దరు కూర్చుండి, వచ్చిన ఇంగ్లీషులో ఒకరికొకరు చెప్పుకొందురు. ఉపాధ్యాయిని అన్ని తప్పులు దిద్దదు. భావము తెలియకుండ అడ్డువచ్చు తప్పులు మాత్రమే దిద్దును. కాగితము చూచి చదివినచో పాఠమువలె వినబడునని కాగితము తీసివేయించును. గోడలనుండి ప్రతిధ్వని రాకుండ కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫోను దగ్గరగా పెట్టుకొని చెప్పుదురు. తరువాత అందరు కూర్చుండి విందురు. దగ్గులు, నడిమి నసుగుడులు కోసివేయుదురు. ఒక్క మూడు నిమిషముల మాటకు ఇరువది మార్లు చెప్పినవారు కలరట. ఇరువది మార్లు ఒకే సంగతి చెప్పుట ఏ వాచకమును చేయింపలేని అభ్యాసము కదా!

తన గొంతు తాను వినుటలో మరియొక లాభము. మన తెలుగుమాటలు చాలవరకు అచ్చుతో ముగియును. అందుచే బస్, లైట్, స్కూల్ మన నోట బస్సు, లైటు, స్కూలు అగును. ఇంట నున్నంతకాలము అది అందమే. యంత్రములో విన్నపుడు గాని తాను ప్రతి మాట తుదిని ఒక ఉకారము కట్టుచున్నట్లు ఆమెకు తెలియలేదట. ద్రాక్షతీగకు వారనుమాటను పండ్లు పెదవికి తాకించి పలుకవలెను. ద్రాక్షసారాయమునకు అనుమాటను పెదవులు గుండ్రముచేసి పలుకవలెను. మనకు రెంటికిని ఒక్కటే వకారము. ఊనిక సంగతి మరియు చిత్రము. ఫొటోగ్రాఫ్‌లో మొదటి అక్షరమును నొక్కుదురు, ఫొటోగ్రఫీలో రెండవదానిని నొక్కుదురు. గురులఘువులు నేర్చిన మేము అక్షరమును నిడివితో తూచుదుము. వారు బరువుతో తూచుదురు. ఊనిక తప్పినచో తెలిసిన మాటయే వినువానికి తెలియని మాటయగును.

ఆ తరగతిలో ఒక ఆఫ్ఘన్ యిల్లాలున్నదట. ఆమె తన భాషలోనే బడిమెట్లెక్కినది కాదు; పెన్సిలు పట్టుటయే నలువదియవయేట నేర్చినది. వ్రాతపరీక్షలో ఆమె ఎప్పుడును చివరిదే. కాని పాడ్‌కాస్టునకు వ్రాత అక్కరలేదు గదా! ఆమె తన యూర రొట్టె కాల్చు పొయ్యినిగూర్చి చెప్పగా, ఆ దినమున అందరికంటె ముందు నిలిచెనట. ఒక వియత్నాము ముసలమ్మ యున్నది. ఆమె మనుమనికి తాతల భాష రాదు, ఈమెకు మనుమని భాష రాదు. వానితో మాటాడుటకే డెబ్బదియవయేట తరగతికి వచ్చుచున్నది. తన పెరటి కొత్తిమీరను, పుదీనాను గూర్చి ఆమె చెప్పిన మూడు నిమిషములను మనుమడు నాలుగు మార్లు వినెనట.

అందరి పలుకులును లోకమునకు వినిపింపరు; వినిపింపరాదు. యుద్ధములనుండి పారివచ్చినవారిలో, తమ జాడ తెలిసినచో స్వదేశమున మిగిలిన తల్లిదండ్రులకు కీడు కలుగునని భయపడువారు కలరు. అట్టివారు వేరు పేరు పెట్టుకొందురు, లేదా తరగతి గదిలో మాత్రమే వినిపింతురు. ఒకసారి గాలిలో విడిచిన మాటను మరల పట్టుట కష్టమని ఉపాధ్యాయిని ముందే హెచ్చరించును. ఇంట ఒప్పుకొనక తన పలుకును తీసివేయించుకొన్న యిల్లాలును ఉన్నది. ఆమెకు కోపము రాలేదా యని మేమడిగితిమి. "వచ్చినది వదినా, కాని ఆమె తరగతి మానలేదు" అని మా ఆడపడుచు బదులు చెప్పెను. మేమైనచో ఆ భర్తకు నాలుగు మాటలు చెప్పియుందుము.

ఇక మా సంగతి. మేము తండ్రిగారికడ భారతమును, ప్రబంధములను చదివితిమి, బడికి పోలేదు. కొన్నేండ్ల క్రిందట మా వారితో ఒక సభకు పోగా, ఒక పెద్దమనిషి భార్య మాతో ఇంగ్లీషున ఏమో అడిగెను. మేము "యస్" అంటిమి. ఆమె విస్తుపోయి చూచి అవతలకు పోయెను. ఆమె అడిగినది, "ఇక్కడ మీకు విసుగుగా నున్నదా?" అని, మా వారు తరువాత చెప్పిరి. ఈ సంగతి మేమింతవరకు మా ఆడపడుచుకు కూడ చెప్పలేదు.

ఆ పదునొకండు నిమిషములను మొన్న శుక్రవారము రాత్రి భోజనములైన పిదప వసారాలో కూర్చుండి వింటిమి. మా వారు అలవాటు చొప్పున ఎఱ్ఱ పెన్సిలు, కాగితము తీసికొని వచ్చి, చెల్లెలి తప్పులు గుర్తించుకొన మొదలిడిరి. భూతకాలము చెప్పవలసినచోట వర్తమానము, ఒకటి. "ది" ఉండవలసినచోట లేదు, రెండు. ఏడు వరకు వచ్చునప్పటికి ఆరు పళ్ళెముల కథ వచ్చినది. ఆమె తానే నవ్వుచు చెప్పుచుండెను. మా వారి పెన్సిలు ఆగెను. ఇంగ్లీషులో ఒక్క ముక్క తెలియని మా అత్తగారు ఆ నవ్వు వినగనే, "అది మన చిన్నదే" అని ముందునకు జరిగి కూర్చుండిరి. వైద్యుని గదికథ చెప్పునపుడు గొంతు సన్నగిల్లెను. అత్తగారు "ఏమంటున్నది?" అని అడిగిరి. మా వారు చెప్పలేకపోయిరి. ఇంగ్లీషు తెలియక కాదు. మేమే ఆమెకు చెప్పితిమి.

తుదిభాగమున, మరుసటి యేడు అదే విందునకు పోయిన సంగతి చెప్పినది. ఈమారు పళ్ళెమునిండ పులిహోర. పులిహోరకు ఇంగ్లీషుమాట వెదకక పులిహోర యనియే పలికినది. అంతయు చెల్లిపోయెనట. పొరుగింటి తెల్లదొరసాని పళ్ళెము కడిగి మరునాడు తెచ్చి యిచ్చుచు, అందులో తన పెరటి చెట్టు నిమ్మకాయలు ఎనిమిది పెట్టి యిచ్చెను. ఇచ్చిన గిన్నెను ఉత్తది తిరిగి పంపకూడదని ఆమెకు ఎవరు చెప్పిరో! ఆ కాయలతో ఆ సాయంకాలమే మరల పులిహోర కలిపి పంపినట్లు చెప్పి మా ఆడపడుచు ముగించెను.

ఇదంతయు మా వారు తెలుగున చెప్పగా ఆలకించి అత్తగారు, "ఇంగువ వేసినదో లేదో అడుగు" మనిరి.