గోడకు లోహపు జాలీ: అపోహలు – వాస్తవాలు

అమీర్‌పేటలో మైత్రీవనం రద్దీ దాటి మధురానగర్ వైపో ఎస్.ఆర్. నగర్ వైపో మళ్లితే, పంజాగుట్టలో ద్వారకాపురి కాలనీ వీధుల్లోకి వెళితే, ఇంకా కొన్ని సొంత ఇళ్లు మిగిలే ఉన్నాయి. ఇంటి ముందు కాస్త మట్టి, నాలుగు కుండీలు, ఒక నందివర్ధనం, చుట్టూ ప్రహరీ గోడ. పక్క స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాక ఆ కాస్త చోటూ అందరి కళ్లలో పడుతోంది. అందుకే ఇలాంటి చోట్ల గోడలకు లోహపు జాలీలు బిగించుకుంటున్నారు. లేజర్‌తో కోసిన ఆకులు, లతలు, నెమళ్లు. సాయంత్రం వెనక దీపం వెలిగితే ఆ గోడ అందమే వేరు.

జాలీ ఈ నగరానికి కొత్త కాదు. పక్కనే బేగంపేటలో 1906 నాటి స్పానిష్ మసీదును కట్టించిన ‘పైగా’ ప్రభువంశీకులవే సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధులు. గచ్చు పనికీ జాలీలకూ పేరుపడ్డ చోటు అది. ఆ జాలీలు గోడతోపాటే పుట్టాయి. మనమేమో ఎప్పుడో కట్టిన గోడకు ఇప్పుడు కొన్న బరువును తగిలిస్తున్నాం. డిజైను కోసం వారాల తరబడి వెతికే ఇంట్లో కూడా బోల్టు సంగతి బిగించడానికి వచ్చినవారికే వదిలేస్తారు. జాలీలు చెడిపోవడం మొదలయ్యేది సరిగ్గా అక్కడే: షీటు అంచులో, బోల్టు రంధ్రంలో, దాన్ని మోసే గోడలో.

అపోహ: మనకు సముద్రం లేదు, తుప్పు భయం లేదు

సముద్రపు ఉప్పుగాలి లేదన్నది నిజమే. కానీ జూన్ నుంచి అక్టోబరు దాకా షీటు తడుస్తూ ఆరుతూ ఉంటుంది. పంజాగుట్ట కూడలి ట్రాఫిక్ దుమ్ము దానిమీద పేరుకుని తేమను పట్టి ఉంచుతుంది. మొక్కలకు పైపుతో కొట్టే బోరునీళ్లు ఆరినచోట తెల్లటి ఉప్పుచారలు మిగులుతాయి.

వీటన్నిటికంటే పెద్ద శత్రువు ఇంట్లోనే ఉంటుంది: టైల్స్ కడిగే యాసిడ్. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. గృహప్రవేశానికి ముందు సిమెంటు మరకలు పోవాలని వరండా అంతా దానితో కడుగుతారు. ఆ ఆవిరి చాలు, పక్కనున్న స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా సూదిమొన గుంటలు పడటానికి. యాసిడ్ పని ముందు ముగించాలి, మంచినీళ్లతో బాగా కడిగేయాలి, ఆ తర్వాతే జాలీ ఇంటికి రావాలి.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే అసలైన 304

కొనేవారు జేబులో చిన్న అయస్కాంతం వేసుకుని వెళ్లడం మంచి జాగ్రత్తే. కాకపోతే ఆ పరీక్ష ఇక్కడ పనిచేయదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. మన బజారులో విరివిగా దొరికే 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. రెండింటికీ అయస్కాంతం అంటుకోదు. పైగా వంచినచోట, సాగదీసినచోట అసలైన 304 కూడా కాస్త అంటుకుంటుంది. ఆరుబయట 202 త్వరగా గోధుమరంగు మచ్చలు పడుతుంది. నమ్మదగినవి మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్, లోహంలో ఏమేమున్నాయో చెప్పే యంత్ర పరీక్ష.

304 కొన్నా మచ్చలు వచ్చాయని బాధపడేవారున్నారు. ఒకే బల్ల మీద మామూలు ఇనుమునూ స్టెయిన్‌లెస్‌నూ గ్రైండింగ్ చేసే షాపుల్లో ఇనుప రజను ఎగిరి దీనిమీద కూర్చుంటుంది. తుప్పు పట్టేది ఆ రజను.

అపోహ: గాల్వనైజ్డ్ షీటు, ఆపైన పౌడర్ కోటింగ్, ఇక చూసుకోనక్కర్లేదు

జింకు పూత మంచి రక్షణే. సన్నటి గీత పడినా, కోసిన అంచు కాస్త బయటపడినా జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. కానీ వెల్డింగ్ వేడికి ఆ పూత నిలవదు. జింకు 907 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది, వెల్డింగ్ ఆర్క్ అంతకు ఎన్నో రెట్లు వేడి. అతుకు చుట్టూ ఇనుము నగ్నంగా మిగిలిపోతుంది. అక్కడ గ్రైండింగ్ చేసి జింకు ప్రైమర్ వేయకుండా రంగు వేస్తే రంగు కిందే తుప్పు మొదలవుతుంది.

అప్పుడు లేచే తెల్లటి పొగ పీల్చిన పనివారికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే, బెల్లం తింటే విరుగుతుందని చాలామంది నమ్మకం. పాలు, బెల్లం పొగను ఆపవు. గాలి ఆడే చోటు, ముందుగా అతుకు దగ్గర జింకు గీకేయడం, సరైన మాస్కు, ఇవే కాపాడతాయి. మన ఇంటి అందం కోసం ఇంకొకరి ఊపిరితిత్తులు చెడటానికి వీల్లేదు. పని చేయించేవారు అడిగి మరీ మాస్కు పెట్టించాలి.

ఇక పౌడర్ కోటింగ్. పొడిని చల్లి దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలిస్తే 60–80 మైక్రాన్ల పొర ఏర్పడుతుంది. పదునైన అంచుల మీద ఆ పొర పలచబడుతుంది. జాలీ అంటేనే అంచుల మయం! అదీగాక ఆక్సిజన్‌తో లేజర్ కటింగ్ చేస్తే ఇనుము అంచున నల్లటి పొలుసు కడుతుంది. దాన్ని తీయకుండా కోటింగ్ వేస్తే పొలుసుతోపాటే రంగూ రాలుతుంది. నైట్రోజన్‌తో కోసిన అంచు శుభ్రంగా ఉంటుంది. కాబట్టి షాపులో అడగాల్సినవి రెండే: ఏ గ్యాస్‌తో కోస్తారు, అంచులు రుద్ది గుండ్రం చేస్తారా. కటింగ్, వెల్డింగ్, రంధ్రాలు అన్నీ అయ్యాకే కోటింగ్‌కు పంపాలి.

రెడాక్సైడ్ రెండు కోట్లు కొట్టి వదిలేయడం కూడా ఇలాంటిదే. అది ప్రైమర్ మాత్రమే, పైన ఎనామిల్ పడకపోతే తేమను ఆపలేదు.

అపోహ: నాలుగు ప్లగ్గులు, నాలుగు స్క్రూలు చాలు

ముందు బరువు లెక్క చూద్దాం. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప షీటు దాదాపు 70 కిలోలు. డిజైనులో మూడోవంతు కోసేసినా 47 కిలోలు మిగులుతుంది. అదే అల్యూమినియం అయితే పూర్తి షీటే 24 కిలోలు. పాత గోడకు అల్యూమినియమే తగినదని నా అభిప్రాయం.

గోడ దేనితో కట్టారో తెలియకుండా డ్రిల్లు పట్టకూడదు. పైన 15–20 మిల్లీమీటర్ల ప్లాస్టరింగ్ ఏ బరువూ మోయదు, లోతును దాని వెనకనున్న ఇటుక నుంచి లెక్కపెట్టాలి. పాత రాతి గోడలో రంధ్రం రాయిలో పడాలి, రాళ్ల మధ్య సున్నంలో కాదు. బోల్టు బిగించేకొద్దీ విచ్చుకునే ఇనుప యాంకర్ కాంక్రీటులో బాగా పట్టుకుంటుంది. ఇటుక అంచున పెడితే అదే ఇటుకను చీలుస్తుంది. తేలికపాటి ఏఏసీ దిమ్మెల్లో అయితే చుట్టూ పిండి చేస్తుంది. అలాంటిచోట పొడవాటి నైలాన్ ప్లగ్గులో, జిగురుతో పట్టే కెమికల్ యాంకరో వాడాలి. కెమికల్ యాంకర్ పెట్టేముందు రంధ్రంలోని పొడిని బ్రష్‌తో తీసి, ఊది, మళ్లీ బ్రష్ కొట్టాలి. పొడి మిగిలితే జిగురు పట్టేది పొడినే, గోడను కాదు. తొందరలో అందరూ వదిలేసే పని ఇదే.

నాలుగున్నర అంగుళాల గోడ అవతల పక్కింటివారు ఉంటారు. 115 మిల్లీమీటర్ల గోడలో 75 దాటి రంధ్రం వేస్తే అటువైపు పెచ్చు రాలవచ్చు. ముందుగా వారికో మాట చెప్పడం మర్యాద.

అపోహ: గోడకు అంటిపెట్టుకుని ఉంటేనే గట్టిగా ఉంటుంది

అంటిపెట్టి బిగిస్తే వెనక ఆకులు, దుమ్ము, తేమ ఇరుక్కుంటాయి. గోడ రంగు ముందు పొంగుతుంది, తర్వాత షీటు వెనక్కి తుప్పు చేరుతుంది. పచ్చి సిమెంటుకు తగిలిన అల్యూమినియాన్ని అందులోని క్షారం తినేస్తుంది. ఒకటి, రెండు అంగుళాల ఖాళీ ఉంటే వాన నీరు జారిపోతుంది, గాలి ఆడుతుంది, చీపురు దూరుతుంది. డిజైను నీడ గోడమీద పడేది కూడా ఆ ఖాళీ వల్లే.

రంధ్రాలు కూడా బోల్టుకు సరిగ్గా అతికినట్టు ఉండకూడదు. చలికాలపు తెల్లవారుజాముకూ, మే మధ్యాహ్నం ఎండలో కాలిన షీటుకూ 50 డిగ్రీల తేడా ఉందనుకోండి. ఎనిమిదడుగుల అల్యూమినియం రెండున్నర మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది, ఇనుము ఒకటిన్నర దాకా. చోటు లేకపోతే షీటు ఉబ్బుతుంది, ప్లగ్గులు వదులవుతాయి. ఒక్క రంధ్రం బిగువుగా ఉంచి, మిగతావి మూడు నాలుగు మిల్లీమీటర్లు పెద్దవిగా వేసి వెడల్పాటి వాషర్ పెట్టాలి. అల్యూమినియానికి స్టెయిన్‌లెస్ బోల్టు వాడితే మధ్యలో నైలాన్ వాషర్ తప్పనిసరి, లేకపోతే తడిలో అల్యూమినియం తరిగిపోతుంది.

అపోహ: రంధ్రాలున్నాయి కదా, గాలి దూసుకుపోతుంది

గోడ ముఖానికి బిగించిన జాలీకి గాలి పెద్ద సమస్య కాదు. చాటు కోసం గోడపైన మూడు నాలుగడుగులు లేపినప్పుడే ప్రమాదం. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాదుకు మౌలిక గాలివేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు సుమారు 158 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి దాదాపు 118 కిలోల బరువుతో సమానం. చుట్టూ భవనాలున్న వీధిలో, తక్కువ ఎత్తులో ఇది తగ్గుతుంది, నిజమే. కానీ మూడోవంతు ఖాళీ ఉన్న జాలీలో మిగతా రెండు వంతుల లోహం గాలికి అడ్డంగానే నిలుస్తుంది. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలికి అది పైనుంచి తోస్తే నాలుగున్నర అంగుళాల గోడ అడుగున విరుగుతుంది. ఆ గోడ కింద నడిచేది దారినపోయే జనం. అందుకని అంత ఎత్తు కావాలంటే గోడ పక్కన సొంత కాంక్రీటు పునాదితో ఇనుప స్తంభాలు నిలిపి, జాలీని వాటికే బిగించాలి.

అపోహ: కార్టెన్ స్టీలు తుప్పే దానికి రక్ష

కొంతవరకు నిజం. తడుస్తూ ఆరుతూ ఉంటే దాని పైపొర గట్టిపడుతుంది. అది కుదురుకునేదాకా మాత్రం ప్రతి వానకూ ఎర్రటి నీరు కారి తెల్ల గోడనూ నాపరాళ్లనూ మరక చేస్తుంది. ఎప్పుడూ తడిగా ఉండే తోటమూలలో ఆ పొర ఎన్నటికీ కుదురుకోదు.

అపోహ: పన్నెండు వోల్టుల దీపాలు, షాక్ కొట్టవు

పట్టీ దీపాల వైపు 12 వోల్టులే. వాటికి కరెంటు ఇచ్చే అడాప్టరు అవతలి వైపు 230. దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి జాలీ వెనక దాచితే, వానకు తడిసి లోపం వచ్చినరోజు షీటు మొత్తానికి కరెంటు పాకవచ్చు. పిల్లలు ఆ జాలీ పట్టుకునే ఆడుకుంటారు. అడాప్టరు ఇంటి లోపల గానీ, ఐపీ 65 రక్షణ ఉన్న పెట్టెలో గానీ ఉండాలి. ఆ లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనును ఆపేసే స్విచ్), షీటుకు ఎర్తింగ్ ఉండాలి. తొలకరికి ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కించి చూడండి. కరెంటు వెంటనే ఆగకపోతే అది మార్చేదాకా ఆ దీపాలు వెలిగించవద్దు.