క్రొత్త ఆపరేటింగు సిస్టమును గూర్చిన భిన్నాభిప్రాయములు

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను ఆపరేటింగు సిస్టమునకు మైక్రోసాఫ్టు సంస్థవారు సామాన్యముగా నొసగుచుండిన రక్షణ సవరణలు నిలిచిపోయినవి. ఆ తేదీకి ముందును వెనుకను, కంప్యూటరు గల అనేక గృహములయందు ఒకే ప్రశ్న వినవచ్చినది: విండోస్ 11 నకు మారుదమా, వలదా? దుకాణదారు "క్రొత్త యంత్రమే కొనుడు" అనును. కళాశాలలో చదువుకొనుచున్న అన్నగారు "ఇందులో నేమున్నది, నేడే మార్చుదము" అనును. లెక్కలు వ్రాసికొను తండ్రిగారు "చక్కగా నడుచుచున్న దానిని కదలింపనేల?" అందురు. ఈ మువ్వురిలో నెవరును అవివేకులు కారు. ఒక్కొక్కరు ఒక్కొక్క విషయమును దృష్టియం దుంచుకొని మాటలాడుచున్నారు. ఆ విషయము లేవియో విడదీసి చూచుట యవసరము. నిర్ణయము తప్పినచో నష్టపోవునది ఇంటివారి ధనము, వారు ఏండ్ల తరబడి దాచుకొన్న వ్రాతలు, పటములు.

ముందుగా ఆపరేటింగు సిస్టమన నేమో చెప్పవలెను. కంప్యూటరులో వ్రాతకు, లెక్కకు, చిత్రలేఖనమునకు వేర్వేఱు ప్రోగ్రాములుండును. ఇవి యన్నియు ఒకే ప్రాసెసరును, ఒకే మెమొరీని, ఒకే డిస్కును పంచుకొనవలెను. రైలుస్టేషనులో ఏ బండి ఏ లైను మీదికి రావలెనో, ఏది కొంతసేపు బయట నిలువవలెనో స్టేషను మాస్టరు నిర్ణయించునట్లు, ఏ ప్రోగ్రామునకు ఎంత తావు, ఎంత కాలము ఈయవలెనో నిర్ణయించునది ఆపరేటింగు సిస్టము. ప్రింటరు, స్కానరు మున్నగు పరికరములతో మాటలాడునదియు నదియే. అయితే ఒక్కొక్క పరికరమునకు ఒక్కొక్క భాష. ఆ భాష నెఱిగిన చిన్న ప్రోగ్రామును డ్రైవరందురు. పూర్వము దొరలకును రైతులకును నడుమ దుబాసీ యున్నట్లు, సిస్టమునకును ప్రింటరునకును నడుమ డ్రైవరుండును. దొర మారి, ఆయన మాట ప్రాత దుబాసీకి తెలియకపోయిన యెడల పని నిలిచిపోవును గదా! క్రొత్త సిస్టము వేసికొనిన మఱునాడే "మా ప్రింటరు పలుకుట లేదు" అను ఫిర్యాదు పుట్టుట కిదియే ముఖ్యకారణము.

ఇంకొక భేదమును గూడ గుర్తింపవలెను. ఉన్న సిస్టమునకు అప్పుడప్పుడు వచ్చు సవరణ, కప్పుమీద పగిలిన పెంకులు సర్దుట వంటిది. ఒక సిస్టమును విడిచి మఱియొక దానికి పోవుట, ఇల్లు మారుట వంటిది. మొదటి దానిని మానుట సోమరితనము. రెండవదానికి జంకుట సోమరితనము కాదు. సామానెల్ల క్షేమముగా చేరునో లేదో, క్రొత్త యింట వంటగది ఎక్కడనో, అద్దె ఎంతయో చూచుకొని గాని ఎవరును ఇల్లు మారరు.

ఈ వివాదము నేటిది కాదు. విండోస్ ఎక్స్‌పి 2001 అక్టోబరు 25న వెలువడినది. దాని తరువాతిదియగు విండోస్ విస్టా జనసామాన్యమునకు లభించినది 2007 జనవరి 30న. నడుమ అయిదేండ్లకు పైగా గడచినవి. ఆ వ్యవధిలో జనులు ఎక్స్‌పికి అలవాటుపడిరి, పరికరముల డ్రైవర్లన్నియు దానికి కుదురుకొన్నవి. విస్టాకు మెమొరీ హెచ్చుగా కావలసివచ్చెను. అది ప్రాత యంత్రములపై నత్తనడక నడచెను. ఏదైన ముఖ్యమైన మార్పు చేయబోవునపుడెల్ల "ఇది నీ యనుమతితోనే జరుగుచున్నదా?" అని యడిగెడిది. దొంగ ప్రోగ్రాములను అడ్డుటకు ఆ ప్రశ్న యావశ్యకమే. కాని పలుమాఱు అడిగిన ప్రశ్నకు మనుష్యుడు చదువకయే "అవును" అని నొక్కుట నేర్చుకొనును. "విస్టాకు తగినది" అను చీటి యంటించి విక్రయించిన కొన్ని యంత్రములపై, విస్టాకు పేరు తెచ్చిన గాజుపలక వంటి సొగసులు కనబడనే లేదు. దీనిపై 2007లో అమెరికాలో వ్యాజ్యము దాఖలైనది. మఱుసటి యేడు ఎక్స్‌పి విక్రయమును ఆపవలదని కోరుచు ఒక పత్రికవారు సేకరించిన విజ్ఞప్తిపై రెండు లక్షలకు పైగా జనులు సంతకములు చేసిరి. ప్రాత వస్తువును అమ్ముట మానకుడని కొనువారే వేడుకొనుట వ్యాపార చరిత్రలో వింతయే.

2008 జూలైలో మైక్రోసాఫ్టువారు ఒక పరీక్ష చేసిరి. విస్టాపై సదభిప్రాయము లేనివారిని పిలిచి, "ఇది రాబోవు క్రొత్త సిస్టము, దీని పేరు మొహావీ" అని ఒక యంత్రమును చూపిరి. చూచినవారిలో పెక్కుమంది మెచ్చుకొనిరి. పిమ్మట "ఇది విస్టాయే" అని చెప్పగా వారు నిర్విణ్ణులైరి. వినికిడి మీద ఏర్పడిన ద్వేషము ఎంతటిదో దీనివలన తేలినదని సంస్థవారి వాదము. అది కొంతవఱకు నిజమే. విస్టాను కన్నెత్తి చూడనివారు సైతము దానిని తిట్టుచుండిరి. కాని నా మట్టుకు ఆ పరీక్ష సగమే. ఆ యంత్రము మంచి మెమొరీ గలది. చూపినవాడు తెలిసినవాడు. చూచినవారెవరును తమ యింటి ప్రాత యంత్రముపై దానిని అమర్చుకొనలేదు, తమ ప్రింటరును తగిలింపలేదు. పెండ్లిచూపులనాడు నచ్చుట వేఱు, కాపురము వేఱు.

ఇట నొక మాట. ఆంగ్ల పత్రికలు విస్టాను నిందించుచుండగా, తెలుగువారికి దానివలన కలిగిన ఒక మేలు ఎవరి కంటను పడలేదు. యూనికోడు అను సార్వదేశిక సంకేతపద్ధతిలో తెలుగునకు 1991లోనే స్థానము కలిగినది. విండోసునందు తెలుగు అక్షరములు 'గౌతమి' అను ఫాంటుతో ఎక్స్‌పియందే ప్రవేశించినవి. అయినను ఎక్స్‌పిలో ఒత్తులు, గుణింతములు సరిగా కూర్చబడి కనబడవలెనన్నచో సెట్టింగులలోనికి పోయి, భారతీయ లిపులకు కావలసిన ఫైళ్లను వేఱుగా వేసికొనవలసి యుండెడిది. అది తెలియనివారికి తెలుగు పుట చతురశ్రముల వరుసగానో, విడివిడి ముక్కలుగానో కనబడెడిది. విస్టాయందు ఆ యేర్పాటు మొదటినుండియే సిద్ధముగా నుండెను. న్యూయార్కులోని విమర్శకునకు విస్టా భారము. తెనాలిలో తెలుగు జాబు వ్రాయగోరినవానికి అది సౌకర్యము. ఇద్దఱును సత్యమే పలికియుందురు.

2009 అక్టోబరు 22న వచ్చిన విండోస్ 7 ను లోకము ముక్తకంఠముతో పొగడినది. చిత్రమేమనగా దాని లోపలి సంఖ్య 6.1, విస్టాది 6.0. పునాది ఒక్కటియే. రెండున్నరయేండ్లలో యంత్రముల బలము పెరిగినది, డ్రైవర్లు సిద్ధమైనవి, ఆ విసుగు పుట్టించు ప్రశ్నలు తగ్గినవి. విస్టాపై కోపగించినవారిలో కొందఱు తెలియకయే దాని తమ్ముని పొగడిరి. 2012లోని విండోస్ 8 కథ వేఱు. అందు మూలనుండు స్టార్టు బటనును తీసివేసిరి. పదునేడేండ్లుగా వ్రేళ్లకు అలవాటైన తావు మాయమగుటతో చదువుకొన్నవారును కంప్యూటరును ఆపుట ఎట్లో తెలియక తికమకపడిరి. మఱుసటి యేడు 8.1 లో ఆ బటను తిరిగి వచ్చెను.

2014 ఫిబ్రవరి 4న ఆ సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారియైన సత్య నాదెళ్లగారు హైదరాబాదున జన్మించినవారని మన బాలురెల్లరును ఎఱుగుదురు. విండోస్ 10, 11 రెండును వారి కాలముననే వెలువడినవి. అభిమానము వేఱు, విచారణ వేఱు. 2015 జూలై 29న వచ్చిన విండోస్ 10 ను 7, 8.1 వాడువారికి ఒక సంవత్సరము ఉచితముగా నిచ్చిరి. ఇది ఉదారమే. కాని 2016లో ఒక దశయందు, మారుమని చెప్పు ప్రకటనను ఎఱ్ఱని గుర్తు నొక్కి మూసివేసినను, ముందే నిర్ణయమైన వేళకు మార్పు జరిగిపోయెడిది. "వద్దు" అనుటకు అలవాటుగా నొక్కు గుర్తు "సరే" అను నర్థమిచ్చినచో కోపము రాక యేమగును? జనులు ద్వేషించినది క్రొత్తదనమును కాదు, తమ్ము అడుగకపోవుటను.

ఇక ప్రాతదానినే పట్టుకొని యుండుటలోని ప్రమాదమును చూతము. లక్షలాది పంక్తులతో వ్రాయబడిన ఏ సిస్టమునందైనను కన్నములుండును. అవి తెలియవచ్చినపుడు సంస్థవారు మాసికలు వేయుదురు. గడువు తీఱిన సిస్టమునకు మాసికలు రావు, కన్నములు మాత్రము బయటపడుచునే యుండును. ఎక్స్‌పికి గడువు 2014 ఏప్రిలు 8న ముగిసినది. 2017 మే 12న 'వన్నాక్రై' అను దుష్టప్రోగ్రాము ప్రపంచమంతటను వ్యాపించి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళమువైచి, విడిపించుటకు సొమ్మడిగెను. ఇంగ్లండులో ఆసుపత్రులు వేలకొలది రోగుల దర్శనములను, శస్త్రచికిత్సలను వాయిదా వేయవలసి వచ్చెను. ఆంధ్రప్రదేశమున కొన్ని పోలీసు ఠాణాల కంప్యూటర్లును దీనివాత బడినవి. అప్పటి భయముచే మైక్రోసాఫ్టువారు గడువు తీఱిన ఎక్స్‌పికి సైతము ఒక మాసికను విడుదల చేసిరి.

అయితే ఈ కథను "ప్రాత సిస్టము వాడినవారే చెడిరి" అని చెప్పుట సరికాదు. చెడిన యంత్రములలో హెచ్చుభాగము విండోస్ 7 వి. దానికి అప్పటికి గడువున్నది, ఆ కన్నమునకు మాసిక రెండు నెలల మునుపే మార్చి 14న వచ్చియున్నది. వేసికొనలేదు, అంతే! క్రొత్త యింటికి మారియు తలుపు గడియ వేయకున్నచో దొంగకు ఇల్లు క్రొత్తదో ప్రాతదో యన్న పట్టింపు లేదు.

2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11 విషయమున తగవు మఱియొక రూపు దాల్చినది. ఇదివఱకు ప్రాత యంత్రముపై క్రొత్త సిస్టము మెల్లగానైనను నడిచెడిది. ఇప్పుడు యంత్రమే అర్హతాపరీక్షలో నెగ్గవలెను. 4 జి.బి. మెమొరీ, 64 జి.బి. డిస్కు అనునవి పెద్ద కోరికలు కావు. టి.పి.యం. 2.0 అను భద్రతాచిప్పు వలయును. డిస్కులోని సమాచారమునకు వేసిన తాళపు చెవులను ఇతర ప్రోగ్రాముల చేతికి చిక్కకుండ దాచు చిన్న ఇనుపపెట్టె వంటిది అది. ఇంటెలు ప్రాసెసర్లలో సామాన్యముగా 2017 నుండి వచ్చిన ఎనిమిదవ తరమువానిని, ఆ తరువాతివానిని మాత్రమే అంగీకరించిరి. అందుచే 2016లో అప్పుచేసి కొన్న యంత్రము, ఏ లోపము లేకుండ నడుచుచున్నను, పరీక్ష తప్పినది. భద్రత కొఱకని సంస్థవారు చెప్పు కారణము సత్యమైనదే. ఖర్చు భరించువాడు మాత్రము వేఱొకడు. పనిచేయుచున్న యంత్రములను పాఱవేయుట భూమికిని భారము. అన్నగారు, తండ్రిగారు, దుకాణదారు తగవులాడుచున్నది నిజమునకు ఇచ్చటనే. క్రొత్తది మంచిదగునా కాదా యన్నది చిన్న ప్రశ్న. ఆ మంచికి వెల ఎవరు చెల్లింతురన్నది పెద్ద ప్రశ్న.

విండోస్ 10 పైననే నిలిచినవారికి 2026 అక్టోబరు 13 వఱకు ఒక సంవత్సరపు అదనపు సవరణలను సంస్థవారు ప్రకటించిరి. లినక్సు అను ఉచిత సిస్టము ప్రాత యంత్రములపై నడువగలదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో బాలురు చాలకాలముగా దానిపైననే నేర్చుకొనుచున్నారు. కాని ఇంటి లెక్కల ప్రోగ్రాము దానిపై నడుచునో లేదో ముందుగా చూచుకొనవలెను. ఏ దారి పట్టినను, మార్పునకు మునుపు ఫైళ్లను వేఱొక డిస్కులోనికి ఎత్తి, అవి తెఱచుకొనుచున్నవో లేదో కనులార చూచుకొనకుండ ముందడుగు వేయరాదు. ఈ పని అరపూట పట్టును, విసుగు పుట్టించును. మానినవారు కన్నీరు పెట్టుట నే నెఱుగుదును.

మన పట్టణములలో అచ్చుపని చేయు డి.టి.పి. కేంద్రములవారి నడవడి ఈ విషయమున నాకు ముచ్చట గొలుపును. వారు ఏండ్లకొలది పేజిమేకరునందు అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రములు, పుస్తకములు కూర్చిరి. ఆ ఫైళ్లలో నున్నది యూనికోడు తెలుగు కాదు. ఆ ఫాంటు లేని యంత్రముపై తెఱచినచో అర్థములేని గుర్తులు కనబడును. పైగా 16 బిట్ల కాలపు ప్రోగ్రాములు 64 బిట్ల విండోసుపై నడువవు. విండోస్ 11 వచ్చునది 64 బిట్లలోనే. కావున వారు ఎక్స్‌పిని విడువలేదని నవ్వుట తగదు. వారిలో తెలివిగలవారు చేయునది యిది: ప్రాత యంత్రమును ఇంటర్నెట్టు తీగకు దూరముగా ఒక మూలనుంచి, దానిపై ప్రాత ఫైళ్లను మాత్రము తెఱతురు. మాసికలు పడుచుండు క్రొత్త యంత్రమును ముందు బల్లపై నుంచి, ఉత్తరములు, బేంకుపని, యూనికోడు తెలుగు దానిపై నడుపుదురు. మూలనున్న యంత్రము పాడగునాటికి ప్రాత పుస్తకములలో మఱల అచ్చువేయదగినవానిని ఒక్కొక్కటిగా యూనికోడులోనికి మార్చుకొనుచుందురు. రోజునకు రెండు మూడు పుటలు సాగినను సాగినట్లే.