సమాధుల తోటలో ఒక చిన్న డబ్బా

మా సంఘస్థురాలైన ఒక అక్కయ్యగారి కుమారుడు అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడు, "అయ్యగారూ, సెలవు రోజున నేను సమాధుల తోటలకు వెళ్తుంటాను" అన్నాడు. తల్లి కంగారుపడింది. నాకూ ఆశ్చర్యమే. అతడు చెప్పినదంతా విన్న తరువాత మాత్రం ఇది మన పాఠకులకు తెలియవలసిన సంగతి అనిపించింది.

దానిని జియోకాషింగ్ అంటారు. ఒకరు మూతగల డబ్బాలో చిన్న పుస్తకం పెట్టి ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ప్రకటిస్తారు. ఇతరులు ఉపగ్రహాల సహాయంతో దారి చూపే ఫోను పట్టుకొని వెదకి, పుస్తకంలో పేరు, తేదీ వ్రాసి, డబ్బాను మరల అక్కడే పెడతారు. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం ఉపగ్రహ సంకేతాలలో తాను కావాలని కలిపిన తప్పును తీసివేసింది. అంతవరకు నూరు మీటర్ల దాకా తప్పే గుర్తు ఒక్కసారిగా చాలావరకు సరియైనది. మే 3న ఆరెగన్ రాష్ట్రంలో ఒకాయన ఒక బకెట్ దాచిపెట్టాడు. అలా మొదలైంది.

అమెరికా పల్లెలలో పొలాల మధ్య, మూతపడిన చిన్న దేవాలయాల పక్కన, ఇరవై ముప్పై రాళ్లు మాత్రమే ఉన్న సమాధుల తోటలు అనేకం. అక్కడి భూమిని దున్నినవారి పిల్లలు ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. అటువంటి తోటలలో పెట్టే డబ్బాల వరుస ఒకటుంది, పేరు 'స్పిరిట్ క్వెస్ట్'. ఆత్మల అన్వేషణ అని అర్థం వస్తుంది గనుక విశ్వాసులు ఉలిక్కిపడవచ్చు. ఇందులో ఆత్మలను పిలవడమేమీ లేదు. అక్కడ నిద్రించుచున్నవారి చరిత్ర తెలిసికోవడమే దాని ఉద్దేశం.

నాకు నచ్చినది దాని పద్ధతి. డబ్బా సమాధి మీద పెట్టరు, నేల త్రవ్వరు. తరచుగా అది కంచె అవతల ఉంటుంది. "ఫలానా స్త్రీ మరణించిన సంవత్సరంలో చివరి అంకె ఎంత? ఆమె పక్కనున్న సైనికుడు ఏ సంవత్సరంలో పుట్టాడు?" అని ప్రశ్నలిస్తారు. ఆ అంకెలన్నీ కూర్చితేనే చోటు తెలుస్తుంది. అందుచేత ప్రతి రాయి ముందు వంగి, నాచు పట్టిన అక్షరాలను చదివి తీరాలి. అక్కడ 1861-65 అంతర్యుద్ధంలో పోరాడినవారు ఉన్నారు. పాలరాతి మీద చెక్కిన గొఱ్ఱెపిల్ల కనబడితే అది సాధారణంగా పసిబిడ్డ సమాధి. "ఒకే తల్లిదండ్రులకు మూడు గొఱ్ఱెపిల్లలు ఒకే వరుసలో చూశానండీ. ఆ రోజు డబ్బా వెదకకుండానే వచ్చేశాను" అన్నాడా అబ్బాయి.

అందరూ ఇలాగే ఉండరు. 2005లో దక్షిణ కెరొలీనా దిగువ సభ, అనుమతి లేకుండా శ్మశానాలలో ఈ ఆట ఆడడం నేరమనే బిల్లును ఆమోదించింది. ఎగువ సభలో అది ఆగిపోయింది. వారి బాధ అన్యాయమని నేను అనను. మన తల్లి సమాధి చుట్టూ ఎవరో డబ్బా కోసం వెదుకుతుంటే మనకెలా ఉంటుంది? అనుమతి అడగాలి. భూస్థాపన జరుగుతుంటే వెనుదిరగాలి. అక్షరాలు కనబడలేదని సుద్ద పూయడం, ఇనుప బ్రష్షుతో తోమడం పాత రాతిని పాడుచేస్తుంది.

పెన్సిల్వేనియాలో ఫ్రీడెన్స్ అనే పల్లె ఉంది. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్‌గారు 1873లో మరణించగా అక్కడే సమాధి చేయబడ్డారు. "మనవాళ్లు అక్కడికి వెళ్లి ఆ రాయి ముందు నిలబడవచ్చు గదా?" అని ఆ అబ్బాయిని అడిగాను.

"వెళ్తానండీ. ముందు మన ఊళ్లో మా తాతగారి సమాధి ఎక్కడుందో చెప్పండి" అన్నాడు.

నేను చెప్పలేకపోయాను. ప్రతి నవంబరు 2న సమాధుల పండుగకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తాము గాని, ఎవరి సున్నం వారి సొంతవారికే. మిగిలినవన్నీ తుమ్మకంపలో ఉన్నాయి.

జనవరిలో అతడూ, మా యౌవనస్థులు ఏడుగురూ నాలుగు రోజులు కంప కొట్టారు. ప్రతి సమాధి దగ్గర నిలబడి ఫోను చూపిన అంకెలు, రాతి మీది పేరు పుస్తకంలో వ్రాశారు. మొత్తం 83 సమాధులు. తాతగారిది ప్రహరీ మూలన వేపచెట్టు వేళ్ల మధ్య దొరికింది. డబ్బా ఏమీ పెట్టలేదు. పుస్తకం దేవాలయపు బీరువాలో ఉంది. పంతొమ్మిది రాళ్ల మీద పేర్లు చెరిగిపోయాయి. వాటిలో ఒకదాని మీద 1918 అనే అంకె మాత్రం మిగిలింది. ఆ సంవత్సరంలో మా ఊరిలో పోయినవారి సంగతి తమ పెద్దల నోట విన్నవారు ఎవరైనా ఉన్నారేమోనని చుట్టుపక్కల పల్లెలలో అడుగుతున్నాము.