మీకు తెలుసా? లూపుల్లో ‘ఐ’ ఎలా పాతుకుపోయిందో!

చాలా ప్రోగ్రాముల్లో లూప్ లెక్కపెట్టే వేరియబుల్ పేరు ‘ఐ’. లోపల మరో లూప్ ఉంటే ‘జె’. గణితంలో ఈ అలవాటు పాతదే. దాన్ని నియమంగా మార్చింది మాత్రం ఫోర్‌ట్రాన్.

1957లో ఐబీఎంలో జాన్ బాకస్ బృందం విడుదల చేసిన ఈ భాషలో, పేరు ఐ నుంచి ఎన్ వరకున్న ఏ అక్షరంతో మొదలైనా అది పూర్ణాంకమే. మిగతావన్నీ దశాంశ సంఖ్యలు. పైగా పేరు ఆరు అక్షరాలు దాటకూడదు. ఇక చూడండి తంటా: ద్రవ్యరాశికి ‘మాస్’ అని పేరు పెట్టి 2.5 ఇస్తే, అందులో మిగిలేది 2! అందుకే ముందు ఓ ఎక్స్ తగిలించి ‘ఎక్స్‌మాస్’ అని రాసేవారు. చూడ్డానికి వికారమే, లెక్క మాత్రం తప్పేది కాదు.

ఈ నియమాన్ని రద్దు చేసే ‘ఇంప్లిసిట్ నన్’ ఆదేశం అధికారిక ప్రమాణంలోకి ఫోర్‌ట్రాన్ 90తో గానీ రాలేదు. పేరు పొడవూ అప్పుడే 31 అక్షరాలకు పెరిగింది.