భూమిని తట్టి చూస్తే భూకంపం వస్తుందా?

మదనపల్లె నుంచి కుప్పం దాకా రైతులకు బాగా పరిచయమైన పేలుడు గ్రానైట్ క్వారీ తూటాదే. అందుకే ఎవరో జీపుల్లో దిగి, పొలం గట్ల వెంట తీగలు పరిచి, గుంతలో మందు పెట్టి పేలుస్తున్నారంటే ఊరు దాన్నీ అదే లెక్కన చూస్తుంది. ఇళ్లు బీటలు వారతాయంటారు, బోర్లు ఎండిపోతాయంటారు, భూకంపం వస్తుందంటారు. వీటిలో చాలా భయాలకు ఆధారం లేదు. నిజంగా పట్టించుకోవాల్సిన సంగతులు మాత్రం ఎవరి నోటా వినిపించవు.

ఆ జీపుల్లో వచ్చినవాళ్లు చేసేది సిస్మిక్ సర్వే. అంటే పుచ్చకాయను తట్టి పండిందో లేదో తెలుసుకోవడం లాంటిది. నేల మీద చిన్న కుదుపు పుట్టిస్తారు. ఆ తరంగాలు లోపలికి వెళ్లి, రాతి పొర మారిన ప్రతిచోటా కొంత వెనక్కి మళ్లి పైకి వస్తాయి. వాటిని పట్టేది జియోఫోన్. అరచేతిలో ఇమిడే డబ్బా, దాని అడుగున నేలలో గుచ్చే మేకు, లోపల అయస్కాంతం, స్ప్రింగుకు వేలాడే తీగచుట్ట. నేల అదిరితే చుట్టలో సన్నటి కరెంటు పుడుతుంది, అది రికార్డవుతుంది. కొద్ది లోతు చూడాలంటే ఇనప పలక మీద సుత్తి దెబ్బ చాలు. లోతు పెరిగితే నేలలో సన్నటి గుంత తవ్వి, ఆ షాట్ హోల్‌లో మందు పేలుస్తారు, లేదా నేలను కంపింపజేసే వైబ్రోసీస్ లారీలు తెస్తారు. సముద్రంలో అయితే ఒత్తిడి గాలిని ఒక్కసారిగా వదిలే ఎయిర్‌గన్లు వాడతారు.

అపోహ: సిస్మిక్ సర్వే చేస్తున్నారంటే కింద చమురు ఉన్నట్టే.

వాస్తవం: ఈ మాట తప్పని చెప్పడానికి కుప్పమే సాక్ష్యం. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) కుప్పం నుంచి తమిళనాడులోని పళని దాకా దాదాపు 300 కిలోమీటర్ల గీత వెంట సిస్మిక్ సర్వే చేసింది. వెతికింది చమురు కోసం కాదు. దక్షిణ భారతం అడుగున భూమి పైపెంకు ఎంత మందం ఉంది, పాత రాతి ఖండాలు ఒకదానితో ఒకటి ఎక్కడ అతుక్కున్నాయి అన్నవే ప్రశ్నలు. పెంకు మందం 40 కిలోమీటర్ల పైచిలుకని తేలింది. ఈ గీత వెంట జరిగిన పరిశోధనలన్నీ కలిపి భారత భూవిజ్ఞాన సంఘం 2003లో ఒక సంపుటంగా వేసింది. అంతకుముందే 1970ల్లో ఎన్‌జీఆర్‌ఐ నెల్లూరు తీరంలోని కావలి నుంచి కడప బేసిన్ మీదుగా కర్ణాటకలోని ఉడుపి వరకు ఇలాంటి పని చేసింది. దేశంలో లోతైన సిస్మిక్ అధ్యయనాలు దానితోనే మొదలయ్యాయి.

గంగవరం, పుంగనూరు, కుప్పం ప్రాంతాల కింద ఉన్నది వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైస్ రాళ్లు. చమురు పుట్టి నిలవాలంటే మందపాటి అవక్షేప పొరలుండాలి. అవి కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఉన్నాయి, ఇక్కడ లేవు.

అపోహ: సర్వే పేలుళ్లు భూకంపాలు తెస్తాయి.

వాస్తవం: లెక్క వేసి చూస్తే చాలు. 4 తీవ్రత గల భూకంపంలో తరంగాలుగా వెలువడే శక్తి సుమారు 15 టన్నుల టీఎన్‌టీకి సమానం. చమురు సర్వేలో ఒక షాట్ హోల్‌లో పెట్టేది సాధారణంగా కొన్ని కిలోల మందు. కుప్పం-పళని లాంటి లోతు పరిశోధనల్లో మోతాదు పెరుగుతుంది. అయినా భూకంపం పుట్టించే ఒత్తిడి రాతి పగుళ్ల మధ్య ఏళ్ల తరబడి పేరుకోవాలే తప్ప ఒక పేలుడు దాన్ని తెచ్చిపెట్టలేదు.

పలమనేరు, గంగవరం వైపు అప్పుడప్పుడూ చిన్న ప్రకంపనలు వచ్చిన మాట నిజమే. గట్టి రాతి నేలల్లో భారీ వర్షాల తర్వాత పగుళ్లలోకి నీరు దిగి, ఒత్తిడి మారి నేల అదరడం శాస్త్రవేత్తలకు తెలిసిన సంగతే. చమురు పరిశ్రమ వల్ల భూకంపాలు వచ్చిన చోట్లూ ఉన్నాయి. అమెరికాలోని ఓక్లహోమాలో 2016లో 5.8 తీవ్రతతో భూమి కంపించింది. అక్కడ కారణం వ్యర్థజలాలను లోతైన బావుల్లోకి పంపు చేయడం. సర్వేకు దానితో సంబంధం లేదు.

అపోహ: పాశర్లపూడి మంటలు కూడా ఇలాంటి సర్వేల వల్లే.

వాస్తవం: కోనసీమలో 1995 జనవరిలో మొదలై రెండు నెలలకు పైగా మండిన పాశర్లపూడి బ్లోఅవుట్ (బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మడం) డ్రిల్లింగ్ జరుగుతున్న బావిలో జరిగింది. సర్వే దశలో గ్యాస్ పొరను తాకడమే ఉండదు.

అపోహ: ఇళ్లు బీటలు వారతాయి, బోర్లు ఎండిపోతాయి.

వాస్తవం: నేల ఎంత వేగంతో అదిరిందన్నది ఇక్కడ కొలత. గనుల పేలుళ్లకు గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో పరిమితులు పెట్టింది. మామూలు ఇళ్ల దగ్గర, తరంగాల పౌనఃపున్యాన్ని బట్టి, అదురు సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇల్లు, బావి, గుడి, చెరువు గట్టు నుంచి తగిన దూరం పాటించి, మోతాదు తగ్గిస్తే సర్వే ఈ హద్దులో ఉండగలదు. దూరం పాటించకుండా పేలిస్తే మాత్రం బీటలు రావచ్చు. అందుకే పేల్చే ముందే దగ్గరి గోడల ఫొటోలు తీయించుకోవడం ఇంటివాళ్లకు మేలు.

మదనపల్లె, పుంగనూరు వైపు వెయ్యి అడుగులు దించినా బోర్లలో నీళ్లు పడకపోవడానికి కారణం ఏటా తోడేది ఊరేదానికంటే ఎక్కువ కావడం. నిజానికి నీటి జాడ కోసం కూడా చిన్నపాటి సిస్మిక్ సర్వేలు చేస్తారు. అసలు ప్రమాదం సర్వే తర్వాత పూడ్చకుండా వదిలేసిన గుంతల్లో ఉంది. పైనున్న మురుగు వాటి గుండా నేరుగా భూగర్భజలంలోకి దిగుతుంది, పశువులు కాలు విరగ్గొట్టుకుంటాయి. పిల్లలు పడిపోయే ప్రమాదం చూసే సుప్రీంకోర్టు 2010లో వదిలేసిన బోర్లను అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని ఆదేశించింది. షాట్ హోల్‌నూ అదే శ్రద్ధతో మూయాలి.

అపోహ: ఏనుగులు అడవి వదిలి పారిపోతాయి.

వాస్తవం: జరిగేది దీనికంటే చిక్కుగా ఉంటుంది. ఏనుగులు మన చెవికి అందని, 20 హెర్ట్జ్ పరిసరాల్లోని ధ్వనులతో మాట్లాడుకుంటాయి. సర్వే తరంగాల్లోనూ ఆ పౌనఃపున్యాలుంటాయి. ఆఫ్రికాలోని గాబన్‌లో చమురు సర్వే పేలుళ్ల సమయంలో అడవి ఏనుగుల అరుపులు రికార్డు చేసి, ఆ ఫలితాలను 2010లో ప్రచురించారు. ఏనుగులు ఆ చోటు వదల్లేదు, కానీ పగటి తిరుగుడు తగ్గించి రాత్రి సంచారం పెంచాయి.

పలమనేరు, కుప్పం అడవుల్లోని కౌండిన్య అభయారణ్యం పక్కన పొలాలున్న రైతుకు ఈ తేడా చిన్నది కాదు. ఏనుగులు రాత్రిపూట ఎక్కువగా తిరిగితే కాపలా మరింత కష్టమవుతుంది. అలాంటి చోట ఏ సర్వే తలపెట్టినా ఏనుగుల దారులు, అవి వచ్చే నెలలు ముందే తెలుసుకుని తేదీలు పెట్టుకోవాలి.

అపోహ: సముద్రంలో సర్వేతో ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: సర్వే ఓడ వెనక కిలోమీటర్ల పొడవున నీటిలో తరంగాలను పట్టే హైడ్రోఫోన్ తీగలు లాగుతుంది. ఎయిర్‌గన్లు కొన్ని సెకన్లకొకసారి పేలుతూ రాత్రింబవళ్లు పనిచేస్తాయి. నార్వే శాస్త్రవేత్తలు బారెంట్స్ సముద్రంలో చేసి 1996లో ప్రచురించిన ప్రయోగంలో సర్వే మొదలయ్యాక కాడ్, హాడక్ చేపల పట్టు సగటున సగానికి పడిపోయింది. సర్వే ముగిసిన అయిదు రోజులకు కూడా కోలుకోలేదు. ఆస్ట్రేలియాలో 2017లో వెలువడిన అధ్యయనం ఒక్క ఎయిర్‌గన్ వల్ల 1.2 కిలోమీటర్ల దాకా జంతుప్లవకాలు చనిపోయాయని చూపింది.

అలాగని సముద్రమంతా చచ్చిపోతుందన్నదీ నిజం కాదు. ఎయిర్‌గన్లను ఒక్కసారిగా కాక మెల్లగా శక్తి పెంచుతూ మొదలుపెట్టడం, 500 మీటర్ల లోపు తిమింగలం కనిపిస్తే ఆరంభం వాయిదా వేయడం లాంటి జాగ్రత్తలు బ్రిటన్‌లో 1990ల నుంచే అమల్లో ఉన్నాయి.

కాకినాడ తీరంలో చిక్కు తేదీల దగ్గరే వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. సముద్రం నెమ్మదించే జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి వలలు అడ్డుండవు, కానీ ఆ నిషేధం పెట్టిందే చేపల సంతానోత్పత్తి కోసం. ఎవరికీ ఇబ్బంది లేని నెల దొరకదు. అందుకే తేదీలు ఖరారు చేసేముందు మత్స్యకారులతో కూర్చోవాలి, పరిహారం ఎంతో అప్పుడే తేల్చాలి.

అపోహ: సర్వేకు ఏ అనుమతీ అక్కర్లేదు.

వాస్తవం: 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ డ్రిల్లింగ్ లేని అన్వేషణ సర్వేలను పర్యావరణ అనుమతి నుంచి మినహాయించింది. అదీ ఆ ప్రాంతంలో సర్వేకు ముందే అనుమతి ఉంటేనే. అటవీ చట్టానికి 2023లో చేసిన సవరణ సిస్మిక్ సర్వేను, కేంద్రం పెట్టే షరతులకు లోబడి, అటవీయేతర పనిగా లెక్కించకుండా ఉండే వీలు కల్పించింది. మందు నిల్వకు, రవాణాకు పేలుడు పదార్థాల నిబంధనలు, అభయారణ్యాల్లో వన్యప్రాణి చట్టం మాత్రం వర్తిస్తూనే ఉన్నాయి.

ఊళ్లోకి సర్వే బృందం వస్తే రైతులు అడగాల్సినవి నాలుగే: అనుమతి పత్రం, పంట నష్టానికి కట్టే రేటు, పేలుడు వేళలు, గుంతలు పూడ్చే తేదీ. నాలుగూ రాతపూర్వకంగా తీసుకోండి. ఆఖరి గుంత పూడ్చేటప్పుడు పక్కనే నిలబడి చూడండి.