నిదానమే ప్రధానము

అమెరికా దేశీయులు మక్కువతో ఆడు బేస్‌బాల్ క్రీడలో బంతి విసరువానిని పిచర్ అందురు. ఆట ఆరంభించిన పిచర్ అలసినప్పుడో, ప్రత్యర్థులు విజృంభించినప్పుడో అతని స్థానమున దిగువాడు రిలీఫ్ పిచర్. ఒకసారి తప్పుకొన్నవాడు మరల ఆ ఆటలో ప్రవేశింపరాదు. కనుక ఒకరు చిక్కుపరచిన ఆటను చక్కదిద్దు భారము ఈ కొత్తవానిపై పడును. అయినను ఒకప్పుడు ఈ పనికి గౌరవము తక్కువ. మొదటి వరుసలో నిలువలేనివారికే అది తగునని తలచెడివారు. ఆ తలంపును మార్చినవారిలో అగ్రగణ్యుడు హోయట్ విల్హెల్మ్.

అతడు 1922లో ఉత్తర కెరొలైనా రాష్ట్రములోని హంటర్స్‌విల్‌లో జన్మించెను. అతని చేతిలో వేగము లేదు. ఆ సంగతి అతడు పాఠశాలలో చదువుచున్న దినములలోనే గ్రహించెను. అప్పుడొక పత్రికలో, డచ్ లెనార్డ్ అను పిచర్ 'నకుల్' బంతిని పట్టు విధము ఛాయాచిత్రముతో ప్రకటితమయ్యెను. దానిని చూచి ఆ బాలుడు సాధన మొదలిడెను. బంతిని వ్రేళ్ల కొనలతో పట్టి, అది గిరగిర తిరుగకుండ విసరుటయే ఇందలి కిటుకు. అట్టి బంతి కుట్లపై గాలి ఒక్క తీరున సాగదు. అందుచే బంతి మెల్లగా వచ్చుచునే అటునిటు తూగును. అది ఎటు పోవునో కొట్టువానికి తెలియదు, పట్టువానికి తెలియదు, విసరినవానికే తెలియదు!

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. విల్హెల్మ్ సైనికుడై, ఐరోపాలో 'బల్జ్' సమరమున గాయపడి, పర్పుల్ హార్ట్ పతకము పొందెను. తిరిగివచ్చి చిన్న లీగులలో ఏండ్ల తరబడి వేచియుండెను. 1952లో న్యూయార్క్ జెయింట్స్ జట్టున చేరి పెద్ద లీగులో అడుగిడునప్పటికి అతనికి 29 ఏండ్లు. ఆ యేడు 71 ఆటలలో పాల్గొని 15 విజయములు సాధించెను, ఓటములు మూడే. తొలిసారి బ్యాటు పట్టినప్పుడే హోమ్ రన్ కొట్టెను. విచిత్రమేమనగా, ఆ పిమ్మట ఇరువది యేండ్లలో మరొకటి కొట్టలేదు.

1958 సెప్టెంబరు 20న బాల్టిమోర్ పక్షమున ఆటను ఆరంభించు అవకాశము దొరకెను. ఆ యేటి విశ్వవిజేతలైన న్యూయార్క్ యాంకీస్ జట్టువారు అతని బంతులపై ఒక్క హిట్టునైనను సాధింపలేకపోయిరి. బాల్టిమోర్‌కు లభించినది ఒక్కటే పరుగు. దానిని హోమ్ రన్‌తో తెచ్చినవాడు, ఆ తూగుడు బంతులను పట్టలేక నిత్యము అవస్థపడు క్యాచర్ గస్ ట్రయాండోస్! ఈ క్యాచర్ల పాట్లు చూచియే నాయకుడు పాల్ రిచర్డ్స్ 1960లో వారికి పెద్ద తొడుగును చేయించెను.

వేగముతో విసరువారి భుజములు త్వరలో అరుగును. నిదానపు బంతి విల్హెల్మ్ చేతిని కాపాడెను. 1970లో అతడు వేయి ఆటలాడిన తొలి పిచర్ అయ్యెను. 1972లో, 50వ పుట్టినరోజునకు కొద్ది దినముల ముందు, 1,070వ ఆటతో విరమించెను. 1985లో బేస్‌బాల్ కీర్తిమందిరమున రిలీఫ్ పిచర్లలో మొట్టమొదట అతనికే స్థానము దక్కెను. 2002లో కన్నుమూసెను.

తరగతిలో వెనుకబడిన బాలుని చూచినప్పుడు ఉపాధ్యాయులు ఈ కథను తలచుకొనవచ్చును. విల్హెల్మ్ లేని వేగమునకై వగచుచు కూర్చుండలేదు. తన చేతికి తగిన బంతిని వెదకి, అది వశమగువరకు విడువలేదు. దానికి అతనికి దొరకిన గురువు, పత్రికలోని ఒక బొమ్మ మాత్రమే.