వరికోత యంత్రం కట్టర్ బార్ ప్రయాణ దూరం - లెక్కించే విధానం

వరికోత యంత్రాలకు అద్దెను చాలాచోట్ల గంటల లెక్కన చెల్లిస్తున్నారు. అందువల్ల మడిలో కట్టర్ బార్ ఎంత దూరం ప్రయాణిస్తుందన్నది రైతు ఖర్చును నేరుగా ప్రభావితం చేస్తుంది. ఈ దూరాన్ని సులభమైన లెక్కతో ముందుగానే అంచనా వేయవచ్చు.

వాస్తవ కోత వెడల్పు

కట్టర్ బార్ పూర్తి వెడల్పు ప్రతి వరుసలోనూ కోతకు ఉపయోగపడదు. పైరు మిగిలిపోకుండా డ్రైవరు ప్రతి వరుసను ముందు కోసిన అంచుపైకి కొంత జరిపి నడుపుతాడు. 2 మీటర్ల కట్టర్ బార్ 10 సెం.మీ. మేర అతివ్యాప్తి చెందితే వాస్తవ వెడల్పు 1.9 మీటర్లే. వరుసగా 5 వరుసలు కోసిన తరువాత కోసిన మేరను టేపుతో కొలిచి 5తో భాగిస్తే ఈ విలువ లభిస్తుంది.

ప్రయాణ దూరం

మడి వెడల్పును వాస్తవ కోత వెడల్పుతో భాగించి, వచ్చిన భిన్నాన్ని పై పూర్ణాంకానికి సవరిస్తే వరుసల సంఖ్య తెలుస్తుంది. దానిని వరుస పొడవుతో గుణిస్తే కోత దూరం వస్తుంది. ఉదాహరణకు 100 మీ. పొడవు, 40 మీ. వెడల్పు గల మడిలో యంత్రం ఒక అంచు నుండి మరో అంచుకు వెళ్లి తిరిగి వచ్చే పద్ధతిలో కోస్తున్నదనుకుందాం. వేగం సెకనుకు 1 మీటరు, ఒక్కొక్క మలుపుకు 15 సెకన్లు అని భావిద్దాం.

పొడవు వెంబడి కోస్తే 22 వరుసలు, 2200 మీ. దూరం, 21 మలుపులు. మొత్తం 2515 సెకన్లు, అంటే సుమారు 42 నిమిషాలు. వెడల్పు వెంబడి కోస్తే 53 వరుసలు, 2120 మీ. దూరం, 52 మలుపులు. మొత్తం 2900 సెకన్లు, అంటే సుమారు 48 నిమిషాలు. కోత దూరం 80 మీటర్లు తగ్గినప్పటికీ, మలుపులు పెరిగినందున కాలం 6 నిమిషాలకు పైగా పెరిగింది. కనుక దూరాన్ని మాత్రమే చూసి నిర్ణయం తీసుకోరాదు.

పొడవు వెంబడి కోస్తూ అతివ్యాప్తిని 30 సెం.మీ.కు పెంచితే 24 వరుసలు అవసరమై, కాలం సుమారు 46 నిమిషాలకు చేరుతుంది.

వేగానికి హద్దు

కాలం ఆదా చేయాలని యంత్రాన్ని మితిమీరిన వేగంతో నడపరాదు. కత్తి స్ట్రోకు 76.2 మి.మీ. ఉండి, నిమిషానికి 900 స్ట్రోకులు పూర్తిచేస్తే, సెకనుకు 1 మీటరు వేగంలో యంత్రం ఒక్కో స్ట్రోకుకు 66.7 మి.మీ. ముందుకు సాగుతుంది. వేగాన్ని 1.5 మీటర్లకు పెంచితే ఇది 100 మి.మీ. అవుతుంది. అప్పుడు కత్తి సగటు వేగం యంత్ర వేగం కన్నా తక్కువై, దుబ్బులు తెగక ముందే వంగుతాయి. మోళ్ల ఎత్తు అసమానమవుతుంది, గింజ రాలుడు పెరిగే ప్రమాదం ఉంటుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు క్షేత్ర ప్రదర్శనలలో టేపు, గడియారం సహాయంతో ఈ లెక్కను రైతులచేతనే చేయిస్తే, మడి ఆకృతికి తగిన కోత దిశను, న్యాయమైన అద్దె కాలాన్ని వారు స్వయంగా నిర్ణయించుకోగలుగుతారు.